పోతాడనుకుని చెప్పిన మాట

2019 ఎండాకాలంలో, భూపాలపల్లి సింగరేణి క్వార్టర్‌లో, కూలర్ రొద మధ్య మా మామకి నా లాప్‌టాప్‌లో ఒక ఇంగ్లీషు సినిమా చూపించాను. జడ్ అపటౌ 2009లో తీసిన 'ఫన్నీ పీపుల్'. అందులో ఆడమ్ శాండ్లర్ వేసిన జార్జ్ సిమన్స్ బాగా పేరున్న హాస్యనటుడు. పెద్ద ఇల్లు, చుట్టూ మనుషులు లేని బతుకు, రక్తానికి సంబంధించిన క్యాన్సర్. మామకి అంతకు ఏడాది ముందే అటువంటి జబ్బే బయటపడింది. నవ్వించేవాడి రోగం మీద తీసిన సినిమాని, రోగం వచ్చిన నవ్వించేవాడు ఎట్లా చూస్తాడో తెలుసుకోవాలనిపించింది. సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాళ్లకి ఇలాంటి కుతూహలాలు ఉంటాయి. అవి ఎప్పుడూ అమాయకమైనవి కావు.

మామది జనగామ దగ్గర పల్లె. ఒగ్గుకథకి పేరుపడ్డ చుక్క సత్తయ్యది కూడా ఆ చుట్టుపక్కల మాణిక్యపురమే. చిన్నప్పుడు రాత్రంతా ఒగ్గుకథలు చూసి, పొద్దున్నే వాటిని అనుకరించడంతో మొదలైందట మామ విద్య. ఏడిపించే ఘట్టం నుంచి నవ్వించే ఘట్టానికి ఒక్క గొంతు మార్పుతో దాటడం ఆయనకి అక్కడే అబ్బింది. బొగ్గుబావిలో షిఫ్టు దిగి వస్తే చాలు, క్వార్టర్ ముందు పదిమంది చేరేవాళ్లు. దూరదర్శన్‌లో 'ఆనందో బ్రహ్మ' వచ్చిన రోజుల్లో ధర్మవరపు సుబ్రహ్మణ్యాన్ని దించేసేవాడని మా నాన్న ఇప్పటికీ చెప్తాడు.

ఆ నవ్వులకి ముడిసరుకు ఎక్కువగా మా మేనత్తే. ఆమె నడక, ఆమె గురక, ఆమె వండిన పచ్చిపులుసు, ఆమె చదువు ఏడో తరగతిలో ఆగిపోవడం. అందరూ నవ్వేవాళ్లు, పిల్లలం మేమూ నవ్వేవాళ్లం. ఆమె లోపల చాయ్ పోస్తుండేది. 2004లో మామ వేరే కాపురం పెట్టాడు. అత్తమ్మ మానుకోటలో పుట్టింటికి వచ్చేసింది (మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది గానీ మాకు అది మానుకోటే). ఆగిన చదువు ప్రైవేటుగా పూర్తిచేసి అంగన్‌వాడీ టీచరైంది. ఆ తర్వాత పద్నాలుగేళ్లు ఇద్దరికీ మాటల్లేవు. కానీ మా ఇళ్లలో ఏ పెళ్లయినా ముందు మామకే కబురు వెళ్లేది. ఆయన లేకపోతే పందిట్లో సందడుండదు. 'మనిషి మంచోడే, జర అట్ల' అనేవాళ్లు. ఆ 'జర అట్ల'లో ఒక ఆడమనిషి జీవితం ఎంత సులువుగా ఇమిడిపోయిందో అప్పట్లో నాకు తోచలేదు. మామ తన తప్పులకి జరిమానా ఎప్పుడూ చిల్లరగానే కట్టాడు, ఒక్కో నవ్వుగా. లెక్క సరిపోయిందని మేమందరం అనుకున్నాం.

2018లో రక్తపరీక్షలో తెల్లకణాలు వేలు దాటి లక్షల్లోకి పోయాయన్నారు. బ్లడ్ క్యాన్సర్ అనే మాట జనగామ నుంచి మానుకోటకి ఒక్క పూటలో చేరింది. ఆ మాటకి మాకు తెలిసిన అర్థం సినిమా నేర్పిందే. క్యాన్సర్ అంటే 'ప్రేమాభిషేకం' (1981), 'గీతాంజలి' (1989), 'చక్రం' (2005). హిందీలో 'ఆనంద్' (1971) సరేసరి. ఈ సినిమాల్లో క్యాన్సర్ వచ్చిన మగవాడు తప్పకుండా ఉదాత్తుడవుతాడు. తన బాధ దాచుకుని చుట్టూ ఉన్నవాళ్లని నవ్విస్తాడు, త్యాగం చేస్తాడు. చావు దగ్గరపడటమే గుణం మారడానికి చాలన్నట్టు.

అందరూ అత్తమ్మకి ఫోన్లు చేశారు. పోయే మనిషి, మనసులో పెట్టుకోకు అని. చేసినవాళ్లలో నేనూ ఉన్నాను. స్త్రీవాద విమర్శ మీద సిద్ధాంతవ్యాసం రాసిన నేను, ఆమెకేం కావాలో ఆమెని అడగకుండా 'ఒక్కసారి చూసి రా అత్తమ్మా' అన్నాను. అప్పటికే ఆ రెండో కాపురం చెదిరిపోయింది. చూసుకునే మనిషి లేదన్న సంగతి ఎవరూ పైకి అనలేదు, అందరికీ తెలుసు. ఆమె రైలెక్కి వరంగల్, హన్మకొండలో బస్సు మారి, పరకాల మీదుగా భూపాలపల్లి చేరింది. హైదరాబాద్ ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి, 'నేనేం మనసుల పెట్టుకోలే' అంది. మామ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. మేమంతా ఏడ్చాం.

తీరా చూస్తే అది మాత్రలతో అదుపులో ఉండే రకం. క్రానిక్ మైలాయిడ్ లుకేమియా. 2001లో అమెరికాలో అనుమతి పొందిన ఇమాటినిబ్ అనే మందు ఆ జబ్బు చరిత్రనే మార్చేసింది. దాని మీద నోవార్టిస్ కంపెనీ అడిగిన పేటెంటుని 2013 ఏప్రిల్ 1న మన సుప్రీంకోర్టు తిరస్కరించింది కాబట్టి తక్కువ ధరకి దొరికే రకాలు నిలిచాయి. కొన్ని నెలల్లో మామ రక్తం కుదుటపడింది. ఆయన చావుకి అందరం సిద్ధపడి ఉన్నాం. బతికితే ఏం చేయాలో ఎవరమూ ఆలోచించలేదు.

చూడవచ్చినవాళ్లతో మామ అన్నాడు: 'ఒక్క రోగానికి పెండ్లాం వాపస్ వచ్చింది. ఇదేదో పదేండ్ల కిందనే తెచ్చుకుంటే మంచిగుండు.' అందరూ పడిపడి నవ్వారు. నేనూ నవ్వాను. నిజంగానే నవ్వొచ్చింది. నవ్వుకి గుండె కాసేపు మొద్దుబారాలని బెర్గ్‌సన్ అంటాడు కదా. క్లాసులో ఎన్నోసార్లు చెప్పిన ఆ మాట, వంటింటి గుమ్మంలో అత్తమ్మ మొహం చూశాక నాకు మొదటిసారి అర్థమైంది.

మళ్లీ సినిమాకి వస్తాను. జార్జ్ తన జబ్బు సంగతి దాచి, ఐరా అనే కుర్ర హాస్యగాణ్ని పనికి పెట్టుకుంటాడు. జోకులు రాయడం ఒక పని, తనకి నిద్రపట్టేదాకా పక్కన కూర్చుని మాట్లాడటం ఇంకో పని. రెండింటికీ జీతం ఉంది. ఆ సీను దగ్గర మామ నవ్వు ఆపేశాడు. ఆయనకీ రాత్రిళ్లు లైటు ఆర్పితే భయం. అత్తమ్మ కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక రాత్రి ఆయన ఏడుపు విని నేను లేచి వెళ్తే, నన్ను చూసి వెంటనే దాన్ని ఒగ్గుకథలో ఏడుపుగా మార్చేశాడు. అంత బాధలోనూ దాన్ని దాచేసే విద్య ఆయన్ని వదల్లేదు. ఆయన మీద నాకున్న కోపం ఆ రాత్రి నుంచి తిన్నగా లేదు.

జార్జ్ పాత ప్రియురాలు లారా. ఆమెని మోసం చేసి పోగొట్టుకున్నాడు. ఆమెకి ఇప్పుడు పెళ్లయి ఇద్దరు పిల్లలు. అతను పోతాడని తెలిసి వచ్చి, ఏడ్చి, క్షమిస్తుంది. తర్వాత ప్రయోగదశలో ఉన్న మందు పనిచేసి అతను బతుకుతాడు. బతికి, ఆ క్షమని పట్టుకుని ఆమె ఇంటికే వెళ్తాడు, సంసారాన్ని చెదరగొట్టేదాకా. ఆమె కూతురు పాడిన పాట వీడియో చూపిస్తే అందరి కళ్లూ చెమరుస్తాయి, అతను మాత్రం ఫోన్ చూసుకుంటుంటాడు. రోగం ఆ మనిషిని మంచివాణ్ని చేయలేదు. 'ఆనంద్' దాచినదాన్ని ఈ సినిమా దాచలేదు. అందుకే, ఆడవాళ్ల మీద అందులో ఉన్న చవకబారు జోకులన్నీ భరించి మరీ నేను దాన్ని గౌరవిస్తాను.

మామ కోసం నేను తెలుగులో చెప్తున్నదంతా బియ్యం ఏరుకుంటున్న అత్తమ్మ వింటోంది. 'ఆమె ఏమన్నది?' అని అడిగింది. క్షమించానంది అత్తమ్మా, అన్నాను. ఆమె చేట ఆపింది. 'పోతడనుకొని అన్నది గద. బతికినంక మళ్ల అడగాలె.'

ఆ మాటతో నేను చాలా రోజులు కుస్తీ పట్టాను. క్షమ అంటే షరతు లేనిదని కదా నేర్చుకున్నాం. జరిగిపోయినదాన్ని వెనక్కి తిప్పలేం కాబట్టి, దాని నుంచి మనుషుల్ని విడుదల చేసేది క్షమేనని హన్నా ఆరెంట్ రాసింది. విడుదలయ్యాకే కొత్తగా మొదలుపెట్టగలం అంటుంది. మరి కొత్తగా మొదలుపెట్టడానికి రోజులే మిగల్లేదనుకున్న మనిషికి ఇచ్చినది క్షమ ఎట్లా అవుతుంది? అత్తమ్మ ఇచ్చింది వీడ్కోలు. లారా ఇచ్చిందీ అదే. ఇద్దరు మగవాళ్లూ దాన్ని ఇంటి తాళంచెవి అనుకున్నారు. మరి ఆమె అబద్ధమాడినట్టేనా అని నా సహాధ్యాపకురాలొకామె వాదించింది. కాదనే నా నమ్మకం. వీడ్కోలు చెప్పినప్పుడు ఆమె మనస్ఫూర్తిగానే చెప్పింది. ఎదుటి మనిషి వెళ్లకపోతే ఆ మాటకి పని లేకుండా పోతుంది, అంతే.

2013 నవంబర్ 8న ఎ.వి.ఎస్., డిసెంబర్ 7న ధర్మవరపు పోయారు. ఇద్దరిదీ కాలేయానికి సంబంధించిన జబ్బే. ఎ.వి.ఎస్.కి అంతకు కొన్నేళ్ల ముందు కన్నకూతురు తన కాలేయంలో భాగం ఇచ్చింది. నవ్వించినవాళ్లు పోతే మనకి కలిగే దుఃఖం నిజమైనదే. కానీ నవ్వించే ఆడవాళ్ల సంగతికి వస్తే నాకు గిరిజ గుర్తొస్తుంది. రేలంగి పక్కన తెలుగువాళ్లని అంతగా నవ్వించి, 1995లో పేదరికంలో పోయింది. మంచాన పడ్డ హాస్యనటి కథానాయికగా, ఆమె పక్కన రాత్రంతా ఒక మగవాడు కుర్చీలో కూర్చున్న తెలుగు సినిమాని నేను చూడలేదు.

జూన్‌లో అత్తమ్మ బయల్దేరింది. మాత్రల డబ్బాలో నెలకి సరిపడా సర్దింది. ఏ పూట ఏం తినాలో పక్క క్వార్టర్ ఆమెకి అప్పజెప్పింది. సంచి భుజానికి వేసుకుని, ఇంట్లో నలుగురూ ఉండగానే మామతో అంది: 'ఆ దినం పోయే మనిషికి చెప్పిన మాట అది. ఇప్పుడు నువ్వు ఉన్నవు. ఉన్నోనికి నేనింక ఏం చెప్పలే.'

మామ ఒక్క క్షణం ఆగాడు. 'అయితే మళ్ల పోవాల్నా?' అన్నాడు.

అందరితోపాటు అత్తమ్మ కూడా నవ్వింది. ఆయన మాటకి ఆమె నవ్వడం నేను చూడటం అదే మొదలు. నవ్వుతూనే చెప్పులు వేసుకుంది. పరకాల దాకా ఆమె పక్కన కూర్చున్నాను. రేగొండ దాటాక, 'మాట మంచిగనే అన్నడు' అంది. కండక్టర్ వచ్చాడు. మానుకోటకి రాత్రి రైలు దొరుకుతుందా అని నన్నడిగి, కొంగుముడి విప్పి టికెట్‌కి డబ్బులు లెక్కపెట్టింది.