గేదెలు బెదరని రెయిన్‌కోటు

అమ్మడూ, మృగశిర రాకముందే రెయిన్‌కోటు కొనుక్కుంటానన్నావు. మంచి మాట. సావిడి నీ చేతికొచ్చాక ఇదే మొదటి వానాకాలం కదా, కొట్టుకెళ్ళే ముందు నాలుగు ముక్కలు చెబుతాను, విను.

మన కైకలూరు వైపు వానలు జూన్‌లో మొదలైతే సెప్టెంబరుతో పోవు. అక్టోబరు, నవంబరుల్లో తుఫాన్లు ఉండనే ఉంటాయి. మన మీద చుక్క పడకపోయినా, ఎగువన కురిసిందంతా బుడమేరు, తమ్మిలేరు మోసుకొచ్చి కొల్లేట్లో పోస్తాయి. ఆ నీరు ఉప్పుటేటి మీదుగా సముద్రానికి దిగేదాకా మనకు తడి తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు చూశావుగా. అందుకని నువ్వు కొనబోయేది ఎప్పుడో ఒకసారి తొడుక్కునే కోటు కాదు, ఏడాదిలో సగం రోజులు ఒంటిమీద ఉండే బట్ట.

కొట్టువాడు రంగు చూపిస్తాడు, బేరం చెబుతాడు. నువ్వు ముందు ఆ గుడ్డను చెవి దగ్గర పెట్టుకుని నలిపి చూడు. పటపటమంటే, ఎంత చవకగా ఇస్తానన్నా పక్కన పెట్టెయ్. ఆ చప్పుడుకు బెదిరిన గేదె చేపదమ్మా. ఒళ్ళు నిమిరి పొదుగు కడిగితే దాని ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరుతుంది, పాలు దిగుతాయి. బెదురు పుట్టిందా, అడ్రినలిన్ ఆ దిగడాన్ని ఆపేస్తుంది. ఆవుకైతే పొదుగు అడుగున కొన్ని పాలు నిలవ ఉంటాయి. గేదెకు అలా ఉండేది బహు తక్కువ, దాదాపు అన్నీ పైన గ్రంథుల్లోనే ఉంటాయి. అది చేపితేనే నీ తపేలాలోకి వస్తాయి. మా రోజుల్లో గోనెసంచి మూల మడిచి నెత్తిన వేసుకునేవాళ్ళం. తడిసి ముద్దయ్యేవాళ్ళమే గానీ, దానికి ఏ గేదే బెదిరేది కాదు. అందుకే చప్పుడు చెయ్యని మెత్తని గుడ్డే చూసుకో. కొన్నాక వాన వచ్చేదాకా బీరువాలో దాచకు. రెండు మూడు రోజులు సావిట్లో గుంజకు వేలాడదియ్యి, ఆ వాసన, ఆ రంగు వాటికి అలవాటవుతాయి.

పాలు పితికేటప్పుడు మాత్రం కోటు విప్పి తగిలించు. చేతి అంచు నుంచి కారే నీళ్ళు పాలల్లో పడకూడదు.

ఇప్పుడు లోపల గాలి ఆడుతుందని చెప్పే ఖరీదైన కోట్లు వచ్చాయి. చలిదేశాల్లో అవి బాగా పనిచేస్తాయి. ఒంటి వేడికి పుట్టిన ఆవిరి, లోపలికంటే బయట గాలి పొడిగా, చల్లగా ఉన్నప్పుడే ఆ పొరలోంచి బయటికి పోతుంది. కొల్లేటి ఒడ్డున ఆగస్టులో బయట గాలే చెమ్మతో నిండి ఉంటే ఆవిరి ఎటు పోతుంది? ఆ డబ్బు దండగ. దానికి బదులు వీపు మీద వల గుడ్డ వేసి పైన రెక్క కప్పిన కోటు, చంకల్లో రంధ్రాలున్న కోటు చూడు. ఒక సైజు వదులుగా తీసుకో. చీర మీద వేసుకున్నా, నైటీ మీద వేసుకున్నా కింద నుంచి గాలి తిరగాలి. లోపల పూత పూసిన పలచటి గుడ్డ కూడా మన ఉక్కకు కొన్నాళ్ళకే పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. సావిట్లో పనికి కాస్త మందంగా ఉన్న పీవీసీయే నయం, మెత్తటి రకం దొరికితే.

కొట్లోనే తొడుక్కుని గొంతుక్కూర్చుని చూడు. సిగ్గుపడకు. నిలబడితే సరిపోయిన కోటు కూర్చుంటే మోకాళ్ళ దగ్గర పట్టేస్తుంది. తరవాత రెండు చేతులూ పైకెత్తు. గడ్డిమోపు నెత్తినెత్తుకున్నప్పుడు నీళ్ళు మణికట్టు నుంచి చంకలోకి జారతాయి, అందుకని చేతుల లోపల ఇంకో ఇలాస్టిక్ పట్టీ ఉండాలి. తల మీది టోపీ నువ్వు మెడ తిప్పినప్పుడు నీతోపాటు తిరగాలి. పక్కనున్న గేదె కొమ్ము కనపడకుండా కళ్ళకు అడ్డుపడే టోపీ ప్రమాదం. జిప్పులో పేడ ఇరుక్కుంటుంది, వెల్‌క్రోకు గడ్డిపోచలు పట్టి వారానికే అంటుకోదు, ఇనప గుండీలు తుప్పు పడతాయి. ప్లాస్టిక్ నొక్కుడు గుండీలు వెతుక్కో.

పాల కేంద్రానికి స్కూటీ మీద పోతావు కాబట్టి ఇంకో సంగతి. ఆస్ట్రేలియాలో గుర్రాల మీద మందలు కాసేవాళ్ళు నూనె పట్టించిన గుడ్డతో కుట్టిన పొడుగు కోట్లు వేసుకుంటారు. వాటికి వెనక చీలిక ఉంటుంది, కోటు జీనుకు అటూ ఇటూ పరుచుకుని తొడల్ని కప్పుతుంది. లోపల పట్టీలు కాళ్ళకు కట్టుకుంటారు, గాలికి కోటు ఎగిరి గుర్రం బెదరకుండా. స్కూటీ సీటుకూ అదే ఉపాయం పనికొస్తుంది. చీలిక లేని కోటు కూర్చోగానే మోకాళ్ళ పైకి లేచిపోతుంది, అంచు వెనక చక్రం వైపు వేలాడుతుంది. మన దగ్గర అలాంటిది దొరక్కపోతే టైలరు చేత వెనక చీల్పించి, లోపల రెండు నాడాలు కుట్టించుకో. నలుపు, ముదురు నీలం వద్దేవద్దు. తెల్లవారుజామున చేపల లారీలు ఎంత జోరుగా పోతాయో నీకు తెలుసు. పసుపు రంగు తీసుకో, వీపు మీద వెలుతురికి మెరిసే పట్టీ ఉండాలి.

కాళ్ళ సంగతి మర్చిపోకు. కోటు ఒంటిని కాపాడుతుంది గానీ, సావిట్లో నిలిచిన మురుగునీటిలో ఎలుకల మూత్రం, పశువుల మూత్రం కలుస్తాయి. కాలి మీద చిన్న పుండు ఉన్నా చాలు, ఎలుక జ్వరం పట్టుకోవచ్చు. గమ్‌బూట్లు వేసుకో, కోటుతోపాటు ప్యాంటు కూడా వేసుకుంటే దాని అంచు బూటు లోపలికి దోపకుండా పైనుంచి వదులు. లోపలికి దోపితే వాన నీరంతా బూట్లోకే దిగుతుంది.

పేడ, మూత్రం అంటిన కోటును ఆ రోజే మామూలు నీళ్ళతో కడిగి నీడలో ఆరెయ్యి. ఎండలో ఆరేస్తే పీవీసీ బిరుసెక్కి మడతల దగ్గర పగులుతుంది. తడిది మడిచి పెట్టకు. ఎవరి గేదెకైనా ఒంట్లో బాగాలేదని చూడబోతే ఆ కోటుతో వెళ్ళకు. గాలికుంటు రోగం బట్టలనంటుకుని కూడా ఒక సావిట్లోంచి ఇంకో సావిట్లోకి వచ్చేస్తుంది. అన్నట్టు, కోటు కొనే వారంలోనే పశువుల ఆసుపత్రికి కూడా వెళ్ళి గొంతువాపు టీకా ఎప్పుడు వేస్తారో కనుక్కో. వానలు దిగాక వేయిస్తే ఆలస్యమైపోతుంది.