కుదుపు లేని బండి

ఆట కోసం ఎంత ఖర్చు పెట్టవచ్చు అనే ప్రశ్నకు పిల్లల విషయంలో జవాబు సులువే. తండ్రి చేతిలో ఉన్నంత, అని తప్పుకోవచ్చు. యాభై దాటినవాడు, అందులోనూ పొద్దస్తమానం ఇతరుల ఖర్చులను ప్రశ్నించే ఉద్యోగంలో ఉన్నవాడు, తన ఆటకు పెట్టే ఖర్చుకు తనే సంజాయిషీ చెప్పుకోవాలి. అప్పు కోసం బ్యాంకుకు వచ్చిన ప్రతివారినీ "ఇది దేనికి? దీనివల్ల ఏం ఒరుగుతుంది?" అని అడిగేవాణ్ణి నేను. ఆ రెండు ప్రశ్నలూ నన్ను నేను వేసుకుంటే తేలిన సంగతి ఇది.

నా ఆట ట్రైన్ సిమ్యులేటర్. కంప్యూటరు తెర మీద రైలింజను నడపడమన్నమాట. మైక్రోసాఫ్ట్ సంస్థ 2001లో ఈ పేరుతోనే ఒకటి విడుదల చేసింది. అందులో ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రియా, జపాను దేశాల దారులు ఆరు ఉండేవి. మనది ఒక్కటీ లేదు. మన రైలు అభిమానులే ఓపిగ్గా కూర్చుని మన ఇంజన్లు, పెట్టెలు, స్టేషన్లు తయారుచేసి దానికి చేర్చారు. వాటిలో చాలావాటిని ఈనాడు ఓపెన్ రైల్స్ అనే ఉచిత ప్రోగ్రాములో నడుపుకోవచ్చు. తరవాత వచ్చిన సిమ్యులేటర్లు ఇంకా అందమైనవి, అందానికి తగ్గ ఆకలి గలవి. బరంపురంలో పుట్టి హౌరా - మద్రాసు లైను పక్కన పెరిగినవాడికి, అక్కయ్య భర్త అదే లైనులో ఇంజను నడిపి రిటైరైనవాడికి, ఈ పిచ్చి పట్టడంలో వింతేమీ లేదు.

చిక్కల్లా కుదుపుతోనే. నా పాత కంప్యూటరులో బండి పెద్ద స్టేషనును సమీపించేసరికి బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. తెర మీద మనం చూసేది నిజానికి కదలిక కాదు, ఒకదాని వెంట ఒకటి వచ్చే నిశ్చల చిత్రాలు. సినిమాకు సెకనుకు 24 చాలు. సిమ్యులేటరుకు 60 ఉంటే హాయి, 30 ఉంటే సరిపెట్టుకోవచ్చు. 60 రావాలంటే ఒక్కొక్క చిత్రాన్నీ 17 మిల్లీసెకన్ల లోపల తయారుచేసి పెట్టాలి. ఆ గడువు తప్పిన ప్రతిసారీ ఒక కుదుపు. దుకాణదారు దీనికి ఒకటే మందు చెప్పాడు: కొత్త గ్రాఫిక్స్ కార్డు, ఖరీదు 60,000 రూపాయలు.

అమ్మేవాడి మాట మీద సొమ్ము మంజూరు చేసే అలవాటు నాకు లేదు. లోటు ఎక్కడుందో ముందు చూశాను. బొమ్మను గీసేది గ్రాఫిక్స్ కార్డే. కాని ఏది ఎక్కడుందో, ఏ పెట్టె ఎంత బరువుతో లాగుతోందో, ఏ సిగ్నలు ఏ రంగులో ఉందో లెక్క తేల్చి దానికి అందించేది ప్రాసెసరు. ఈ రకం ప్రోగ్రాములు, ముఖ్యంగా పాతవి, ఆ పనిలో సింహభాగాన్ని ప్రాసెసరులోని ఒక్క కోరు మీదే మోపుతాయి. ఎనిమిదిమంది గుమాస్తాలున్న ఆఫీసులో ఒకడే రాస్తూంటే ఏడుగురు చూస్తూ కూర్చున్నట్టు. అప్పుడు ఎంత ఘనమైన కార్డయినా ఆ ఒక్కడి కోసం కాచుకు కూర్చోవలసిందే. ఇక దారి పొడుగునా వచ్చే ఊళ్లూ చెట్లూ ముక్కలు ముక్కలుగా డిస్కు నుంచి వస్తాయి. తిరిగే పాత హార్డ్ డిస్కయితే ముక్క వచ్చేలోగా బండి ఉలిక్కిపడుతుంది, ఎస్.ఎస్.డి. పెడితే ఆ జబ్బు చాలావరకు నయమవుతుంది. మెమరీకీ ఇలాంటి లెక్కే ఉంది. పాత 32 బిట్ల ప్రోగ్రాము 4 గిగాబైట్లకు మించి వాడుకోలేదు. కేవలం దాని కోసమే 32 గిగాబైట్లు కొన్నవాడు ఒక్కడి భోజనానికి ఎనిమిది విస్తళ్లు పరిచినట్టే. నా కంప్యూటరుకు కావలసింది ఒక ఎస్.ఎస్.డి., ఇంకొంచెం మెమరీ. రెండూ కలిపి 9,000 లోపే.

ఇప్పుడు అసలు ప్రశ్న. 9,000కూ 60,000కూ మధ్య నేను కొనబోయేదేమిటి? బీకాంలో క్షీణోపాంత ప్రయోజన సూత్రం చదివినవాళ్లకు జవాబు సగం తెలుసు. మొదటి రూపాయి ఇచ్చిన సుఖం చివరి రూపాయి ఇవ్వదు. కాని ఆ సూత్రం సుఖం ఎంతో చెబుతుంది గాని, ఎలాంటిదో చెప్పదు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. బొమ్మ అర సెకను నిలిచిపోతే 14 మీటర్ల దారి నా కంటికి లేకుండా పోయింది. బ్రేకు ఎక్కడ వేయాలన్న అంచనాయే ఈ ఆటకు ప్రాణం. అది తప్పితే ఆటే లేదు. కాబట్టి అంతవరకు పెట్టే ఖర్చు ఆట కోసమే. ఆ పైన వచ్చే ఆకుల నీడలు, వాన నీటిలో దీపాల ప్రతిబింబాలు, ఇవి చూడముచ్చటే గాని నడపడానికి అక్కరలేదు. పనికి కావలసిన నునుపు వేరు, చూపుకు కావలసిన నునుపు వేరు. గీత ఇక్కడ గీసి లెక్క ముగించవచ్చుననుకున్నాను.

మొన్న దసరాకు బావగారు వచ్చారు. కొత్త డిస్కు పెట్టాక బండి ఎంత బాగా పోతోందో చూపించాను. అరగంట కూర్చుని చూశారు. బొమ్మ గురించి మంచీ చెడ్డా అనలేదు.

"ఇందులో సిగ్నలు ఎవరిస్తున్నారోయ్?" అని అడిగారు.

"ప్రోగ్రామే ఇస్తుంది బావగారూ."

"పాయింట్లు?"

"అవీ అంతే."

"పట్టాలు చూసుకుంటూ నడిచే కీమాను?"

"లేడండి."

"అయితే ఉన్నది నువ్వొక్కడివే," అన్నారు. తప్పుపట్టినట్టు కాదు, ఊరి పేరు చెప్పినట్టు అన్నారు.

ఆ మాట నా లెక్కను తారుమారు చేసింది. 2023 జూన్ 2న బాలేశ్వర్ దగ్గర బహనాగా బజార్ స్టేషనులో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. ఆ రాత్రి మా ఊరి మీదుగా పోవలసిన బండి అది. 290 మందికి పైగా పోయారు. మర్నాడు మా వీధిలో ఎవరి నోట విన్నా ఒకటే మాట: డ్రైవరు ఏం చేస్తున్నాడు? డ్రైవరుకు మెయిను లైనుకు పచ్చ సిగ్నలే ఉంది. పాయింట్లు మాత్రం లూపు లైనుకు ఉన్నాయి. సిగ్నలు తీగల పనిలో జరిగిన లోపాలే కారణమని తరవాత విచారణలో తేలింది. చూడవలసిందంతా చూసి, చేయవలసిందంతా చేసినవాడి బండి అది.

సిమ్యులేటరులో ఇలా జరగడానికి వీల్లేదు. సిగ్నలును వెలిగించేదీ పాయింటును తిప్పేదీ ఒకే లెక్క. ఎవరో సరదాకు లోపాన్ని కల్పిస్తే తప్ప ఒకటి రెండోదానితో అబద్ధమాడదు. నిజమైన రైలులో అవి వేరువేరు మనుషుల చేతులు. ధనుర్మాసపు మంచులో ముందున్నది కనబడనప్పుడు, పట్టా మీద పెట్టిన టపాకాయ చక్రం కింద పేలితే సిగ్నలు దగ్గరపడిందని తెలుసుకునేవారట బావగారు. ఆ టపాకాయ పెట్టినవాడి ముఖం ఆయన ఎన్నడూ చూసి ఉండరు. బ్యాంకులో ఒకరు నమోదు చేసింది ఇంకొకరు ఆమోదిస్తేనే సొమ్ము కదులుతుంది. లెడ్జర్లు పోయి కంప్యూటర్లు వచ్చాక పని వేగం పెరిగింది గాని ఆ రెండో మనిషిని ఎవరూ తీసేయలేదు. నా ఆటలో ఆ రెండో మనిషి లేడు. ఏ కార్డు కొన్నా రాడు.

అయితే ఆట తప్పా? అలా అనుకోను. బొమ్మల పొయ్యి మీద వంట చేసిన పిల్ల ఎవరి కడుపూ మాడ్చదు. కుదుపులున్న బొమ్మే మేలు, అది బొమ్మ అని గుర్తుచేస్తుంది, అనే వాదన కూడా నాకు రుచించదు. చెడిపోయిన వస్తువులో నీతిని వెతకడం లోభికి ఇష్టమైన పని. నా అనుమానం ఇంకొకటి. తెర మీద దారి ఎంత నున్నగా సాగితే, చూసేవాడే నడిపేవాడన్న భ్రమ అంత గట్టిపడుతుంది. బండి బాగా ఆగితే నా గొప్ప, ఆగకపోతే నా తప్పు. ఆ భ్రమను నిజమైన రైలు మీదికి మోసుకుపోతే, ప్రమాదం జరిగిన మర్నాడు మా వీధిలో విన్న మాటే మన నోటా వస్తుంది. చిత్రాలు 30 నుంచి 60కి పెరిగినప్పుడు నా చేతి మీద నాకు నమ్మకం పెరిగింది. ఇంజను గురించి నాకు తెలిసింది మాత్రం ఏమీ పెరగలేదు.

కార్డు కొనలేదు. కొనేవారిని తప్పుపట్టను, వాన నీటిలో దీపాలు చూడాలన్న కోరిక దొంగతనం కాదు. వచ్చే ఏడు ధర తగ్గితే నేనే కొంటానేమో. ఈలోగా బావగారిని ఒక సాయం అడిగాను. మా ఊరి నుంచి పలాస దాకా ఏ కేబినులో ఎవరుండేవారో, ఏ గేటు దగ్గర ఎవరు పచ్చజెండా చూపేవారో గుర్తున్నంతవరకు చెప్పమన్నాను. పాత డైరీలో రాసుకుంటున్నాను. ఇప్పటికి పద్నాలుగు పేర్లయ్యాయి.