ఒక చెవి పలకని ధ్యానం

 



బేగంబజార్‌లో హమాలీ పని చేసే మన తమ్ముడొకరు పోయిన పున్నమి నాడు వందన అయినంక నా దగ్గరికి వచ్చి సెల్‌ఫోన్ చూపిండు. "అన్నా, బైనారల్ బీట్స్ అంట. ఇది వింటే ధ్యానం దానంతటదే కుదురుతదట. రెండు నెలల సంది వింటున్న. ఇంకా మంచి క్వాలిటీది రెండు వేలంట, కొనాల్నా?" రెండు వేలకు ఎన్ని బస్తాలు మోయాలో అతనికే ఎరుక.

సంగతేమంటే, ఎడమ చెవిలో 200 హెర్ట్జ్, కుడి చెవిలో 210 హెర్ట్జ్ శబ్దం పెడితే, సెకనుకు 10 సార్లు ఊగే మోత ఒకటి వినబడుతుంది. అది బయట గాలిలో లేదు. రెండు చెవుల నుంచి వచ్చినదాన్ని మెదడు కలిపినప్పుడు పుడుతుంది. 19వ శతాబ్దంలోనే డోవ్ అనే జర్మనీ శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. 1973లో గెరాల్డ్ ఆస్టర్ సైంటిఫిక్ అమెరికన్ పత్రికలో రాశాక ప్రచారం పెరిగింది. చెవీ శబ్దమూ కలిస్తేనే వినికిడి విజ్ఞానం పుడుతుందని తథాగతుడు చెప్పినదానికి ఇది మంచి ఉదాహరణే. ప్రత్యయాలుంటే పుడుతుంది, లేకుంటే పుట్టదు.

అతని ఇయర్‌ఫోన్ నేను పెట్టుకొని చూసిన. కుడి వైపు పలకడమే లేదు! "ఇది ఎప్పటి సంది?" అంటే, "కొన్నప్పటి సందే అన్నా" అన్నడు. అంటే ఆ బీటు అతని తలలో ఒక్కనాడూ పుట్టలేదు. మరి మనసు నిమ్మళమైందా అంటే, అయిందన్నడు. ఎందుకు కాదు? పొద్దంతా బస్తాలు దించి, గోదాం మెట్ల మీద ఇరవై నిమిషాలు కండ్లు మూసుకొని కూచున్నడు. ఊపిరి ఎరుకలోకి వచ్చింది.

క్వాలిటీ మాట కూడా చెప్తాను, మోసపోవద్దని. రెండు ఛానెళ్లను కలిపేసిన మోనో ఫైలైతే ఇది పని చేయదు. విహారంలో ఒక్క స్పీకర్‌లో పెట్టినా అంతే, రెండు శబ్దాలూ ముందే కలిసిపోతాయి. మరీ కుదించిన ఫైలులో కూడా రెండు వైపుల తేడా చెడిపోవచ్చు. స్టీరియో సరిగా ఉంటే చాలు, ఖరీదైన సెట్టు అక్కర్లేదు. వాన చప్పుడు, తంబుర మోత పైపై సింగారం. సౌండు మాత్రం తగ్గించుకోండి, చెవిలోని సన్నని కణాలు చస్తే తిరిగి రావు. ఇక మెదడు మీద దీని ప్రభావం గురించి జరిగిన పరిశోధనలు ఒకదానికొకటి పొసగడం లేదు. అమ్మేవాళ్లు ఆ ముక్క చెప్పరు.

బీటు నిజంగా పని చేసిందే అనుకుందాం. సిద్ధార్థుడు ఆళారకాలాముడి దగ్గర, ఉద్దకరామపుత్తుని దగ్గర చాలా ఎత్తైన ధ్యానస్థితులే అందుకున్నాడు. అయినా వదిలి వచ్చాడు. దుఃఖం తెగలేదు కనుక. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో బాబాసాహెబ్ మనకిచ్చిన 22 ప్రతిజ్ఞలలో మత్తు వద్దన్నది ఒకటి. తాయెత్తు తెంపుకొని వచ్చినోళ్లం, ఇప్పుడు చెవులకు కట్టుకుంటే ఎట్ల?

"కొనకు తమ్మీ" అన్న. "బజార్ల ఒక పక్క స్టీలు గిన్నెల మోత, ఇంకో పక్క ట్రాలీలోళ్ల కేకలు. వచ్చింది, పోయింది అని చూస్కుంట ఊపిరి మీద కూచో."

నిన్న మళ్లీ కలిసిండు. ఆ రెండు వేలు బిడ్డ స్కూలు ఫీజుకు కట్టిండట. మెట్ల మీద కూచునుడు మాత్రం ఆపలేదట, ఇప్పుడు పక్క గోదాం హమాలీ కూడా వచ్చి కూచుంటుండట.