అంచున ఉన్న మనిషి

మూడు నెలలపాటు నన్ను వేధించిన సమస్య ఒక్కటే. 28 తీసుకోవాలా, 35 తీసుకోవాలా? కెమెరా పిచ్చి లేనివాళ్లకి ఇదొక సమస్యలా కూడా అనిపించదు. ఏడు మిల్లీమీటర్ల తేడా, అంతే కదా. నేనూ మొదట్లో దాన్ని డబ్బులకీ, అభిరుచికీ సంబంధించిన విషయమే అనుకున్నాను. తప్పొప్పుల దాకా వెళ్తుందనుకోలేదు.

మామయ్య 1990ల్లో సింగపూర్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు కొనుక్కున్న లైకా ఎం6 పోయినేడాది నా చేతికొచ్చింది. "కళ్లు ఆనట్లేదురా, రెండు బొమ్మలూ కలవట్లేదు" అంటూ ఇచ్చేశాడు. రేంజ్‌ఫైండర్ వాడినవాళ్లకి ఆ మాట అర్థమవుతుంది. ఇందులో అద్దం ఉండదు. లెన్స్ చూసేదాన్ని మనం చూడం. పక్కనున్న ఒక చిన్న కిటికీలోంచి చూస్తాం. దాని మధ్యలో ఒకే మనిషి రెండుగా కనిపిస్తాడు. లెన్స్ రింగు తిప్పుతూ పోతే ఆ ఇద్దరూ ఒకరిలో ఒకరు కలిసిపోతారు, అప్పుడు ఫోకస్ కుదిరినట్టు. పెట్టిన లెన్స్ ఎంత మేర తీస్తుందో చెప్పడానికి తెల్లటి గీతలు కనిపిస్తాయి. ఆ గీతల బయట ఉన్న లోకం కూడా కనిపిస్తూనే ఉంటుంది.

కెమెరాతో పాటు వచ్చింది 50 లెన్స్. కార్టియే-బ్రెసోఁ ఎక్కువగా వాడింది ఆ 50నే కాబట్టి ఫిర్యాదు చేసే అర్హత నాకు లేదు. కానీ నేను తిరిగేది లాడ్ బజార్ పక్క గల్లీల్లో, మోండా మార్కెట్లో. అక్కడ వెనక్కి జరుగుదామంటే వెనక గోడ ఉంటుంది, లేదా బండి ఉంటుంది. వైడ్ కావాలి. అదీ చిన్నది కావాలి. చిన్నదెందుకంటే ఒక కారణం సాంకేతికం. ఈ కెమెరాలో లెన్స్ పొడుగ్గా ఉంటే చూసే కిటికీలోకి అడ్డమొచ్చి, కింద కుడివైపు మూలని మింగేస్తుంది. రెండో కారణం జనం. పెద్ద లెన్స్ ఎత్తగానే ఎదుటి మనిషి ముఖం మారిపోతుంది. చిన్నదైతే ఎవరూ పట్టించుకోరు.

ఇదంతా ఫోన్లో చెప్తే మామయ్య విని ఒక్క మాట అడిగాడు. "చిన్నది కావాలంటున్నావు సరే. వాళ్లు భయపడకూడదనా, నువ్వు దొరక్కూడదనా?"

రెండూ ఒకటే కదా అన్నాను. ఆయన నవ్వి వేరే విషయంలోకి వెళ్లిపోయాడు.

రెండూ ఒకటి కాదని తర్వాత తెలిసింది. కార్టియే-బ్రెసోఁ తన లైకా మెరుపు కనిపించకుండా నల్ల టేపు అంటించుకునేవాడు. దాన్ని వినయమని అనుకోవచ్చు, ఎదుటివాళ్ల ప్రపంచాన్ని చెదరగొట్టకుండా పక్కన నిలబడటం. మాటు వేయడమనీ అనుకోవచ్చు. టేపు అదే, చెయ్యి అదే. ఏ ఉద్దేశంతో అంటించుకున్నామన్నదే తేడా. ఆ ఉద్దేశం ఫొటోలో కనబడదు.

వైడ్ లెన్స్ గురించి ఒక మంచి వాదన ఉంది. నేనూ చాలామందికి చెప్పాను. టెలీ లెన్స్‌తో వీధి అవతలి నుంచి తీయడం దొంగతనం లాంటిది, ఎదుటి మనిషికి నువ్వున్నట్టే తెలీదు. అదే 28తో ముఖం కాస్త పెద్దగా పడాలంటే మాట వినబడేంత దగ్గరికి వెళ్లాలి. నువ్వూ కనబడతావు. వాళ్లు తిట్టొచ్చు, నవ్వొచ్చు, పొమ్మనొచ్చు. కాబట్టి వైడ్ నిజాయితీ గల లెన్స్. ఇదీ వాదన.

ఫ్రేమ్ మధ్యలో ఉన్న మనిషి వరకు ఇది నిజమే. అంచున ఉన్న మనిషి సంగతి నేను ఆలోచించలేదు.

ఒక ఫ్రెండు తన 28 ఎల్మరిట్ వారం రోజులకి ఇచ్చాడు. 180 గ్రాములు, అరచేతిలో ఇమిడిపోతుంది. ఆదివారం పొద్దున్నే మోండా మార్కెట్‌కి వెళ్లాను. ఎపర్చర్ 8 దగ్గర పెట్టి, ఫోకస్ మూడు మీటర్లు దాటి కాస్త ముందుకు తిప్పి వదిలేస్తే, ఈ లెన్స్‌లో దాదాపు ఒకటిన్నర మీటర్ల నుంచి ఆ చివరిదాకా అంతా స్పష్టంగా పడుతుంది. ఇక రింగు తిప్పే పనే లేదు. రెండు బొమ్మల్ని ఒకటి చేసే పని కూడా లేదు. అంటే ఏ ఒక్కరినీ ఎంచుకోనక్కర్లేదు. ఎత్తడం, నొక్కడం. టమాటా బండి దగ్గర ఒకాయన బేరమాడుతూ చెయ్యి గాల్లోకి లేపాడు. తీశాను. ఆయన చూశాడు, నేను నవ్వాను, ఆయనా నవ్వాడు. నా వాదన ప్రకారం అంతా న్యాయంగానే జరిగింది.

పది రోజుల తర్వాత ల్యాబ్ నుంచి స్కాన్లు వచ్చాయి. ఆ ఫ్రేములో ఎడమ అంచున ఒకామె ఉంది. మల్లెపూల బుట్ట వెనక కూర్చుని, కొంగుతో కళ్లు అద్దుకుంటోంది. ఆమె వల్లే అది ఫొటో అయింది. ఇవతల నవ్వుతున్న బేరం, అవతల ఆమె. నేను ఇన్నేళ్లలో తీసినవాటిలో ఇదే మంచిది. కానీ ఆమెని నేను చూడలేదు.

ఎందుకు చూడలేదో కూడా చెప్పాలి. నాకు కళ్లజోడుంది. ఈ కెమెరాలో 28 గీతలు కిటికీ చివరి అంచుల్లో ఉంటాయి, కళ్లజోడుతో ఒకేసారి అన్నీ కనబడవు. పైగా 28 పెడితే దాంతో పాటు 90 లెన్స్ గీతలు కూడా మధ్యలో చిన్న చతురస్రంలా వస్తాయి. ఎం6 అమరికే అంత. నాకు బాగా కనబడే గీతలు 90వి. లెన్స్ తీసేది 28 మేర. చూసేదానికీ, తీసుకునేదానికీ మధ్య అంత ఖాళీ పెట్టుకుని తిరుగుతున్నానన్నమాట.

స్కాన్లు చూసిన సంబరంలో ఆ ఫొటోని మా ఫొటో గ్రూపులో పెట్టేశాను. బోలెడు మెచ్చుకోళ్లు. "ఆమెని భలే పట్టావు" అని ఒకరు. నేను థాంక్స్ చెప్పాను. అది మొదటి అబద్ధం.

గారీ వినోగ్రాండ్ ఎక్కువగా 28తోనే న్యూయార్క్ వీధుల్లో తీశాడు. 1984లో చనిపోయేనాటికి డెవలప్ కూడా చెయ్యని రోల్స్ రెండువేల పైచిలుకు మిగిలాయి. ఆయన తీశాడు గానీ చూడలేదు. వాటిలోంచి తర్వాత వేరేవాళ్లు ఫొటోలు ఎంచి ప్రదర్శించారు. ఆ కథ చదివినప్పుడల్లా ఇంత విస్తారమైన జీవితమా అని ముచ్చటపడేవాణ్ని. ఇప్పుడు కాస్త భయం వేసింది. తీయడం, చూడడం అంత తేలిగ్గా విడిపోయే పనులా?

లెన్స్ తిరిగిచ్చేటప్పుడు ఫ్రెండుతో ఈ గొడవంతా చెప్పుకున్నాను. వాడు తేల్చేశాడు. "బజార్లో కూర్చున్నాక అందరూ చూస్తారు. అందరి దగ్గరా పర్మిషన్ తీసుకుని తీస్తే మిగిలేవి పెళ్లి ఫొటోలే. వీధికి చరిత్రే ఉండేది కాదు." వాడి మాటలో నిజముంది, కాదనను. అడిగి తీసుంటే ఆ కొంగు కిందికి దిగేది, ముఖం మీదికి ఒక చిరునవ్వు వచ్చేది. ఉన్నది పోయి, ఉండాల్సినది వచ్చేది. కానీ నా సందేహం పర్మిషన్ గురించి కాదు. చూసి, అడక్కుండా తీసుంటే అదొక నిర్ణయం. దాన్ని సమర్థించుకుంటానో, సిగ్గుపడతానో, ఏదైనా నాదే. చూడకుండా తీసినదానికి నేను ఏమని జవాబు చెప్పను? మెచ్చుకోలు మాత్రం నాది, బాధ్యత లెన్స్‌దా?

ప్రింటు వేయించి తీసుకెళ్లాను. ఆమె అదే చోట ఉంది. చేతులు తుడుచుకుని తీసుకుంది. చాలాసేపు చూసింది.

"నన్నెప్పుడు దీసినవ్ బిడ్డా? నేన్ జూస్తనే ఉన్న గద. నువ్వు టమాటల బండిని దీస్తున్నవనుకున్న."

నేనూ అదే అనుకున్నానమ్మా అని చెప్పాలి. చెప్పలేదు. ఎలా చెప్పాలో తెలియలేదు.

"గిది ఇంకెవరన్న జూసిన్రా?"

లేదన్నాను. అది రెండో అబద్ధం. ఆమె ప్రింటుని పేపర్లో చుట్టి బుట్ట కింద పెట్టుకుంది. ఆ రోజు ఎందుకు ఏడ్చిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

గ్రూపులో నుంచి తీసేశాను. దాచుకున్నవాళ్లని కూడా తీసెయ్యమని అడిగాను. ఇద్దరు ఎందుకని వాదించారు. తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లి, "ముప్పై మంది దాకా చూశారమ్మా, మొన్న అబద్ధం చెప్పాను" అన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి, "గట్లనా" అంది. అంతలో ఎవరో మూర మల్లెలు అడిగితే అటు తిరిగిపోయింది. క్షమించిందో లేదో నాకు తెలియదు. నిలబడి తెలుసుకోవాలనుకోవడం కూడా నా కోసమే అనిపించి వచ్చేశాను.

చివరికి 35 తీసుకున్నాను. వాడిన కలర్-స్కోపార్, 2.5. ఇదీ చిన్నదే, ఇంకా తేలిక. 35 మంచి లెన్స్, 28 చెడ్డ లెన్స్ అని చెప్పడం లేదు. కళ్లజోడు లేనివాళ్లు, అంచుల్ని వెతికి చూసుకునే ఓపికున్నవాళ్లు 28తో నాకంటే నిజాయితీగా తీస్తారు. నా కళ్లకి 35 గీతలు నాలుగు వైపులా కనబడతాయి, అంతే కారణం. వాటి బయట ఇంకాస్త లోకం కూడా కనబడుతుంది. అక్కడ ఒకామె కూర్చుని ఉంటే, ఆమెని లోపలికి తీసుకోవాలా, బయటే వదిలెయ్యాలా అన్నది నేనే తేల్చుకోవాలి. వదిలేసినప్పుడు మంచి ఫొటో పోతోందని తెలుస్తూనే ఉంటుంది.

మొన్న మామయ్య ఫోన్ చేసి లెన్స్ ఎలా ఉందిరా అని అడిగాడు. "చిన్నగానే ఉంది. కానీ దొరికిపోతున్నాను" అన్నాను.