పారేసిన వస్తువు ఎవరిది?

వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం మా విచారణకు చెందిన ఒక తల్లి, కూతుర్ని వెంటబెట్టుకొని నా దగ్గరకు వచ్చింది. అమ్మాయి హైదరాబాదులో చిత్రకళ చదువుతోంది. సాక్ష్యం చూపించాలన్నట్టు ఒక గోనెసంచి కూడా ఆటోలో వేసుకొచ్చారు.

"ఫాదరుగారూ, మీరైనా దీనికి చెప్పండి. అప్పు చేసి చదువుకోమని పంపిస్తే సంచినిండా చెత్త మోసుకొచ్చింది. ఇరుగుపొరుగు వాళ్ళు నవ్వుతున్నారండీ" అంది తల్లి.

సంచి విప్పించి చూశాను. తుప్పు పట్టిన తాళం కప్పలు, కుట్టుమిషను చక్రం, పాత తలుపు నుంచి ఊడదీసిన చెక్క, ఇత్తడి గొళ్ళెం, ఎవరిదో చిట్టా పుస్తకం, పగిలిన పింగాణీ పళ్ళేలు. కొన్ని జుమ్మెరాత్ బజారులో కొన్నదట. చిట్టా పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం పూట ఫుట్‌పాత్ మీద దొరికిందట. వీటన్నిటినీ కలిపి, అతికించి, రంగులు వేసి ఒక బొమ్మ తయారు చేయాలని ఆమె ఆలోచన.

నేను తల్లిని అడిగాను: "అమ్మా, మీ ఇంట్లో బొంత ఉందా?"

"ఎందుకు లేదండీ? నేనే కుట్టాను."

"అందులో ఏ ముక్క ఏ చీరదో చెప్పగలరా?"

ఆమె ముఖం విచ్చుకుంది. "ఆకుపచ్చది మా అత్తగారి పండగ చీరండి. ఎర్రంచుది మా ఆడపడుచుది. మధ్యలో పూలది, ఇదిగో, ఇది కడుపులో ఉన్నప్పుడు నేను కట్టుకున్నది."

"మరి మీరు చేసిన పనే మీ అమ్మాయీ చేస్తోంది కదా!" అన్నాను. తల్లి నవ్వేసింది. తగవు తీరిపోయిందనుకున్నాను. కాని అసలు ప్రశ్న సంచి అడుగున ఉంది.

అడుగున ఒక ఫోటో ఉంది. నలుపు తెలుపుల పెళ్ళి ఫోటో. కుర్చీలో పెళ్ళికొడుకు, పక్కన నిలబడి పెళ్ళికూతురు. ఇద్దరి ముఖాల్లోనూ ఆనాటి ఫోటోల్లో కనిపించే బెరుకు. ఫ్రేముతో సహా ఇరవై రూపాయలట. "దీన్ని సన్నటి పీలికలుగా కత్తిరించి తలుపు చెక్క మీద అంటిస్తాను ఫాదర్" అంది అమ్మాయి. నా మనసు చివుక్కుమంది. "వాళ్ళెవరో తెలుసా?" అన్నాను. "తెలియదు ఫాదర్. తెలియనివాళ్ళే కదా, తప్పేముంది?" అంది.

ఆలోచించవలసిన ప్రశ్నే. డబ్బిచ్చి కొన్న వస్తువును మన ఇష్టం వచ్చినట్టు చేయవచ్చునా? పారేసిన వస్తువు మీద పారేసినవాడికి హక్కు పోతుంది, సరే. ఏరుకున్నవాడికి పూర్తి హక్కు వచ్చేసినట్టేనా?

సెమినరీలో మేము తత్వశాస్త్రం మొదలుపెట్టింది అరిస్టాటిల్ చెప్పిన నాలుగు కారణాలతోనే. ఒక వస్తువు ఉండాలంటే అది దేనితో చేయబడిందో ఆ పదార్థం, దాని రూపం, దాన్ని చేసిన కర్త, దాని ప్రయోజనం ఉండాలి. ఆయన ఇచ్చిన ఉదాహరణ కంచు విగ్రహం. కంచు పదార్థం, శిల్పి కర్త. కంచుముద్దకు శిల్పి ఏ రూపం ఇచ్చినా అది నోరెత్తదు. అయితే ఈ అమ్మాయి సంచిలో ఉన్నది కంచుముద్ద కాదు. ప్రతి వస్తువుకూ అప్పటికే ఒక రూపం ఉంది, ఒక ప్రయోజనం ఉంది. తాళం ఒకరి ఇంటిని కాపాడింది. మిషను చక్రం ఒక కుటుంబానికి అన్నం పెట్టింది. ప్రయోజనం తీరిపోయింది గాని, జరిగిన జీవితం జరగనట్టు అయిపోలేదు. పాత సామానుతో పనిచేసేవాడు మరొకరు మొదలుపెట్టిన వాక్యాన్ని మధ్యలో అందుకుంటున్నాడు.

ఈ సంగతి ఎరిగిన కళాకారులు ఉన్నారు. 1942లో పారిస్ నగరం జర్మన్ల ఆక్రమణలో ఉన్న రోజుల్లో పికాసో ఒక పాత సైకిలు సీటును, హ్యాండిలును కలిపి ఎద్దు తల చేశాడు. సీటు ముఖమైంది, హ్యాండిలు కొమ్ములైంది. అంతే, మరేమీ లేదు. అందులో గొప్పతనం ఏమిటంటే, చూసేవాడికి ఎద్దూ కనిపిస్తుంది, సైకిలూ కనిపిస్తుంది. కొత్త రూపం పాతదాన్ని మింగేయలేదు.

మన దేశంలోనే మరో ఉదాహరణ చండీగఢ్‌లోని రాక్ గార్డెన్. దాన్ని నిర్మించిన నేక్‌చంద్ ప్రభుత్వ పనుల శాఖలో రోడ్ల తనిఖీ ఉద్యోగి. ఆయన పుట్టిన ఊరు 1947 దేశ విభజనలో పాకిస్తాన్‌కు పోయింది. కాందిశీకుడిగా ఇటు వచ్చాడు. చండీగఢ్ నగరం కట్టడానికి అక్కడున్న పల్లెలను ఖాళీ చేయించి పడగొట్టారు. ఆ శిథిలాలను, పగిలిన గాజులను, పింగాణీ పెంకులను సైకిలు మీద మోసుకెళ్ళి, 1950ల చివరి నుంచి, ఇల్లు కట్టడానికి అనుమతి లేని అటవీ స్థలంలో రహస్యంగా బొమ్మలు చేస్తూ వచ్చాడు. ఏళ్ళ తరువాత అధికారులు కనుగొన్నారు. చట్టప్రకారం పడగొట్టవలసినదే. అయినా నిలిపి, 1976లో ప్రజలకు తెరిచారు. 1984లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. 2015లో ఆయన కన్నుమూశారు. తన ఊరు పోగొట్టుకున్న మనిషి ఇతరుల ఊళ్ళ పెంకులు ఏరుకున్నాడని తలచుకుంటే, ఆ బొమ్మలు వట్టి అలంకారంగా కనిపించవు.

మరి పెళ్ళి ఫోటో సంగతి? జర్మన్ తత్వవేత్త కాంట్ 1785లో రాసిన నీతిశాస్త్ర గ్రంథంలో వెలకూ ఘనతకూ తేడా చూపించాడు. వెల ఉన్నదాని స్థానంలో సమానమైన మరొకదాన్ని పెట్టవచ్చు. మనిషికి వెల లేదు, ఘనత ఉంది. మనిషి స్థానంలో మరొకరిని పెట్టలేం. ఈ కొలతతో చూస్తే ఫోటో వస్తువే, ఇరవై రూపాయల వెల ఉన్న కాగితమే. కాని ఆ కాగితం మీద ఉన్నవి రెండు ముఖాలు. ఫోటో మనిషి కాదు, నిజమే. వట్టి కాగితం అని కూడా అనలేం. అలా అనగలిగితే మీ అమ్మగారి ఫోటోతో పొట్లం కట్టి చూడండి, చేయి ఆడుతుందా?

ఇవన్నీ ఆ అమ్మాయికి చెప్పి, "తప్పు తల్లీ, కత్తిరించకు" అనబోయాను. కాని నోరు రాలేదు. కారణం చెబుతాను.

2009లో మా అమ్మ చనిపోయాక ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది. నాకు అప్పుడు విచారణ పనుల తొందర. ఇత్తడి సామాను అక్కచెల్లెళ్ళు పంచుకున్నారు. తుప్పుపట్టిన ట్రంకు పెట్టె ఒకటి మిగిలింది. తెరిచి చూశాను, పైన చిరిగిన చీరలు. పాత సామాన్లవాడు వీధిలో కేక వేస్తే పిలిచి, పెట్టె అలాగే ఇచ్చేశాను. ఎంత ఇచ్చాడో కూడా గుర్తు లేదు. నెల తరువాత చెల్లెలు ఫోన్ చేసి, "అన్నయ్యా, పెట్టెలో చీరల కింద అమ్మానాన్నల పెళ్ళి ఫోటో ఉండాలి, తీశావా?" అని అడిగింది. వాళ్ళ పెళ్ళికి తీయించిన ఫోటో అదొక్కటే. సామాన్లవాడి కోసం తిరిగాను. దొరకలేదు.

కనుక ఆ అమ్మాయి ముందు నేను న్యాయాధిపతిని కాలేకపోయాను. ఆ ఫోటోకు అన్యాయం చేసింది ఆమె కాదు. చూడకుండా పెట్టె ఇచ్చేసిన నాలాంటివాడు ఎవడో చేశాడు. ఆమె కనీసం చూసింది. గాజు కోసం, ఫ్రేము కోసం ఎవరో కొనుక్కుపోయి కాగితాన్ని మురుగుకాలువలో పడేయకముందే, ఇరవై రూపాయలిచ్చి ఇంటికి తెచ్చుకుంది. మా అమ్మానాన్నల ఫోటో కూడా ఇలాంటి ఒక పిల్ల చేతిలో పడి ఉంటే బాగుండునని ఆ క్షణంలో నాకనిపించింది. బేరగాడి చేతికంటే ఆ చేయి వెయ్యిరెట్లు నయం.

ఈ కథే ఆమెకు చెప్పాను. "కత్తిరించాలా వద్దా అన్నది నువ్వే తేల్చుకో. ఒక్కటి మాత్రం మరిచిపోకు. మీ అమ్మ బొంతలో ఏ ముక్క ఎవరిదో చెప్పగలదు. నువ్వు చెప్పలేవు. చెప్పలేనప్పుడు నీ అప్పు తగ్గదు, పెరుగుతుంది" అన్నాను. ఆమె ఏమీ అనలేదు. తల్లి కూడా మౌనంగా ఫోటోను కొంగుతో తుడిచి, మళ్ళీ సంచిలో పెట్టింది.

రెండు నెలల తరువాత అమ్మాయి తాను చేసిన బొమ్మను నా ఫోనుకు పంపింది. తలుపు చెక్కలో చిన్న కిటికీ కోసి, ఫోటోను కత్తిరించకుండా దాని వెనుక అమర్చింది. ఇత్తడి గొళ్ళెం తీస్తేనే ఆ ఇద్దరూ కనిపిస్తారు. చెక్క వెనుక పెన్సిలుతో, ఏ బజారులో, ఏ తేదీన, ఎంతకు కొన్నదో రాసి, కింద "వీరి పేర్లు తెలియవు" అని రాసింది.

పాత వస్తువులను మళ్ళీ వాడుకోవడం మనకు కొత్తేమీ కాదు. నిరుటి మ్రానికొమ్మల ఆదివారపు మట్టలే కాల్చగా విభూది బుధవారం నాడు మన నొసట బూడిదవుతాయి. పొదుపు మంచిదే, కళా మంచిదే. అయితే రెండింటికీ ముందు చూపు కావాలి. ఇది ఎవరి చేతుల మీదుగా వచ్చింది అని అడిగే చూపు. పారేసేవాడికీ అది కావాలి, ఏరుకునేవాడికీ కావాలి.

కాబట్టి పాత సామాన్లవాడిని పిలిచే ముందు పెట్టె అడుగుదాకా చూడండి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నప్పుడే ఒక సాయంత్రం వాళ్ళ పక్కన కూర్చొని, పాత ఫోటోల వెనుక పేర్లు రాసి పెట్టండి. పెన్సిలు చాలు. నేను ఆ పని చేయలేదు. మీకింకా సమయం ఉంది.