పరస్పర బోధనము

తన భక్తులు ఒకరికొకరు బోధించుకొనుచు ఆనందింతురని గీతాచార్యుడు దశమాధ్యాయమున సెలవిచ్చినాడు. ఆర్తులకును ఇదియే తరణోపాయము.

1935లో అమెరికాలోని ఆక్రన్ నగరమున ఇరువురు మద్యపీడితులు తమ బాధ చెప్పుకొనుటతో 'ఆల్కహాలిక్స్ అనానిమస్' సంఘము పుట్టినది. కాని అట్టి కూటములలో కొందరు, మనోవ్యాధికి వాడు ఔషధమును సైతము మత్తుగా నెంచి, మానుమనిరి. అందుచే 1989లో న్యూయార్క్‌లో, ఆ రెండు బాధలును గలవారికై 'డబుల్ ట్రబుల్ ఇన్ రికవరీ' అను కూటమి వెలసినది. అచ్చట ఔషధసేవ దోషము కాదు. దానిని విడువకుండుటకు తోటివాడే తోడు.

మన యింట అట్టివారున్నచో దాపవలదు, నిందింపవలదు. వైద్యునికి చూపుడు, అదే బాధ దాటినవారి చెంతకు చేర్చుడు. "ఔషధము మాని మ్రొక్కుకొనుము" అనుట భక్తి కాదు. అమృతకలశముతో అవతరించిన ధన్వంతరియు శ్రీహరియే గదా!