మోయాబు దేశపు కోడలు

ధ్యానభాగములు: ద్వితీయోపదేశకాండము 23:3–6, రూతు 1, 2 అధ్యాయములు



ధర్మపురిలో గోదావరి గట్టున నిలిచి చూచినవారికి ఏటి కావలి ఊళ్ళు వేరే జిల్లావైనను కంటికి దగ్గరగానే యుండును. బేత్లెహేము కొండలమీద నిలిచి తూర్పుకు చూచువారికి మోయాబు అట్లే కనబడును. నడుమ ఉప్పు సముద్రపు లోతైన పల్లము. దాని కావల గోడవలె నిలిచిన కొండలు. నేడది జోర్డాను దేశములోనిది. ఇశ్రాయేలీయులు పొద్దున లేచినది మొదలు ఆ కొండలను చూచుచునేయుండిరి. చూచుచునే ద్వేషించిరి.

ఈ సంగతి ఇప్పుడెందుకు వ్రాయుచున్నానో ముందే చెప్పెదను. మా పాస్టరేటులోని ఒక పల్లెనుండి ఒక కుటుంబము సాంచాల పనికి భివండి వెళ్ళినది. సిరిసిల్ల ప్రాంతమువారికి ఆ దారి కొత్త కాదు. తండ్రి అక్కడనే కాలము చేసెను. కుమారుడు అక్కడి మరాఠీ పిల్లను పెండ్లాడి, మూడేండ్లు తిరుగకముందే జబ్బుచేసి పోయెను. తల్లి తిరిగి ఊరు చేరినది. కోడలు కూడ ఆమె వెంట వచ్చి, యేడాది గడువకముందే బాప్తిస్మము అడిగినది. సంఘ పెద్దలలో కొందరు, "ఏ దేవతకు మొక్కిన పిల్లనో, ఎన్నాళ్ళుంటదో" అనిరి. నేనును ద్వితీయోపదేశకాండమును, నెహెమ్యా గ్రంథమును విప్పి, కొంతకాలము చూతమంటిని. ఆ కొంతకాలము పదునాలుగు నెలలాయెను. పెద్దలను అనవలసిన పని లేదు. వేదశాస్త్రము చదివినవాడను నేను.

మోయాబువారు ఇశ్రాయేలుకు పరాయివారు కారు. మోయాబు లోతు సంతానము. లోతు అబ్రాహాము సహోదరుని కుమారుడు. అనగా దాయాదులు. మన పల్లెలలో పొలపు గట్టుకొరకు కోర్టుకెక్కువారు ఎక్కువగా ఎవరో మీకు తెలియును గదా. ఎక్కడివారో కారు, దాయాదులే. అందుకే దేవుడు మోషేతో, మోయాబు భూమి లోతు సంతానమునకిచ్చినది గనుక వారితో యుద్ధమునకు పోవద్దని ముందుగానే చెప్పెను (ద్వితీ. 2:9). ఈ వచనము మీద ప్రసంగము చేసినవారిని నేను ఎక్కువగా వినలేదు.

అయినను సంగతులు చెడినవి. మోయాబు రాజైన బాలాకు, బాటను వచ్చుచున్న జనమును చూచి భయపడి, వారిని శపించుటకు బిలామును కూలికి పిలిపించెను. శాపము దీవెనగా మారినది. కాని తరువాత షిత్తీములో మోయాబు స్త్రీలవెంట బయల్పెయోరు పూజకు పోయి 24,000 మంది తెగులుచేత చచ్చిరని సంఖ్యాకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. కాబట్టి మన పెద్దల భయమును నేను వట్టి భయమని కొట్టివేయను. నెహెమ్యా భయమును కొట్టివేయను.

ఆ తరువాత ఎగ్లోను అను మోయాబు రాజు ఇశ్రాయేలును 18 సంవత్సరములు ఏలెను. ఎడమచేతివాటముగల ఏహూదు అతనిని చంపెను. ఒకనాడు వీరిది పైచేయి, ఒకనాడు వారిది.

ఇక్కడ ఒక రాతి సంగతి చెప్పవలెను. 1868లో క్లయిన్ అను మిషనెరీ దీబోనులో ఒక నల్లని రాతిపలకను చూచెను. 34 వరుసల వ్రాత అందున్నది. మరుసటి సంవత్సరము అక్కడివారు దానిని ముక్కలు చేసిరి గాని, అంతకు ముందే కాగితముమీద అద్దుకొనిన అచ్చు మిగిలెను. అతికించిన ఆ రాయి నేడు పారిసు నగరములో లూవ్రు ప్రదర్శనశాలలో నున్నది. దానిని వ్రాయించినవాడు మేషా; 2 రాజులు 3వ అధ్యాయములో ఇశ్రాయేలు రాజుకు లక్ష గొఱ్ఱెపిల్లలను, లక్ష పొట్టేళ్ళ ఉన్నిని పన్నుగా కట్టినవాడు. మన బైబిలు అతడు తిరుగబడెనని చెప్పును. అతడు తన రాతిమీద, తన దేవుడైన కెమోషు దేశముమీద కోపగించినందున ఒమ్రీ మోయాబును బహుదినములు అణచెననియు, పిమ్మట తాను నెబో పట్టణమును పట్టి 7,000 మందిని కెమోషుకొరకు చంపితిననియు వ్రాయించెను. చదువుచుండగా ఒళ్ళు జలదరించును. అయితే ఆ రాతిలోని భాష హెబ్రీకి ఎంత దగ్గరయనగా, మన జగిత్యాల మాటకును విశాఖపట్టణపు మాటకును ఉన్నంత భేదమే యనవచ్చును. ఒకరి తిట్టు ఒకరికి తర్జుమా లేకుండ అర్థమగునంత దగ్గరివారు.

అదే అధ్యాయములో ఇశ్రాయేలు, యూదా, ఎదోము రాజులు కలిసి మోయాబుమీదికి పోయి, బావులు పూడ్చిరి, మంచి చెట్లు నరికిరి, పొలములను రాళ్ళతో నింపిరి. బావి పూడ్చుట యనగా ఏమిటో వేసవిలో బోరు ఎండిన మన రైతులను అడుగుడి.

దావీదు మాటయు దాచకూడదు. సౌలు తరుముచుండగా అతడు తన ముసలి తలిదండ్రులను మోయాబు రాజు చేతికి అప్పగించి, వారికి నీడ సంపాదించెను (1 సమూ. 22). రాజైన పిమ్మట అదే మోయాబువారిని నేలమీద పండుకొనబెట్టించి, తాడుతో కొలిచి, రెండు పాళ్ళ మందిని చంపించి, ఒక పాలు మందిని బ్రదుకనిచ్చెను (2 సమూ. 8). ఎందుకో గ్రంథము చెప్పలేదు. నేనును కల్పించి చెప్పను. తన తాత తల్లి ఆ జనములోనిదే అని మాత్రము అతనికి తెలియకపోలేదు.

ఇప్పుడు ఆజ్ఞకు వత్తము. మోయాబీయుడు పదియవ తరమువరకు యెహోవా సమాజములో చేరరాదు. ఇది కఠినమైన మాట. నేను పదునాలుగు నెలలు దీనిని పట్టుకొనియుంటిని గాని, దాని ప్రక్కనే యున్న కారణమును నిదానించి చదువలేదు. రెండు కారణములున్నవి. రెండవది బిలాము సంగతి. మొదటిది రొట్టెయు నీళ్ళును. ఐగుప్తునుండి అలసి వచ్చుచున్నవారికి మోయాబువారు బాటలో ఎదురువచ్చి తిండి పెట్టలేదు, నీళ్ళు పోయలేదు. మోషే మొదట ఎత్తిచూపిన నేరము అది.

మరి రూతు? యూదా బోధకులు ఈ చిక్కును ఎన్నడో గమనించి, ఆజ్ఞ మోయాబు పురుషులకే గాని స్త్రీలకు కాదనియు, బాటసారులకు తిండి తెచ్చుట ఆడువారి పని కాదు గదా యనియు చెప్పిరి. తెలివైన జవాబే. కాని అది వకీలు జవాబు. రూతు గ్రంథము వేరొక జవాబు చెప్పుచున్నదని నా మనవి.

బేత్లెహేము అనగా రొట్టెల ఇల్లు. ఆ ఊరిలోనే రొట్టె లేక, ఎలీమెలెకు భార్యాబిడ్డలతో మోయాబుకు పోయెను. మన కోరుట్ల, జగిత్యాల పిల్లలు దుబాయికి, మస్కట్టుకు పోయినట్లే. బాటలో రొట్టె పెట్టలేదని పేరుపడిన మోయాబు ఆ కుటుంబమునకు ఇంచుమించు పదియేండ్లు తిండి పెట్టినది! ముగ్గురు మగవారిని అక్కడి మట్టిలో ఉంచి నయోమి తిరిగి వచ్చెను. ఓర్పా ఏడ్చి, ముద్దుపెట్టుకొని వెనుకకు పోయెను. ఆమెను నిందింపకుడి, అత్త చెప్పినట్టే చేసినది. రూతు మాత్రము విడువలేదు.

ఊరు చేరిన పిమ్మట ఆమె చేసినది చూడుడి. పరాయివాని చేనిలో పనలు కట్టువారి వెనుక పరిగె ఏరినది. సాయంకాలము దుళ్ళగొట్టగా ఏపా యవలు, అనగా ఇప్పటి లెక్కకు 20 లీటర్లకు పైగా వచ్చెను. అంతేకాదు. మధ్యాహ్నము బోయజు పెట్టిన పేలాలలో తాను తిని, మిగిలినవి కొంగున దాచి తెచ్చి అత్తకు పెట్టెను. ఆకలితోనున్న ఇశ్రాయేలు విధవరాలికి ఒక మోయాబీయురాలు ఎదురు వచ్చి రొట్టె పెట్టినది. ద్వితీయోపదేశకాండము వ్రాసియుంచిన నేరము ఆ సాయంకాలము ఆ గుమ్మములో కొట్టివేయబడినది. ఆమె కుమారుడు ఓబేదు, అతని కుమారుడు యెష్షయి, అతని కుమారుడు దావీదు. పదియవ తరము రావలసిన పని లేకపోయెను. మత్తయి 1వ అధ్యాయము మన ప్రభువు వంశావళిలో ఆమె పేరును బాహాటముగా వ్రాసినది.

ఇది నాకు పుస్తకములో తెలియలేదు. ఒకనాడు ఆ ముసలమ్మను చూడబోతిని. కోడలు అరుగుమీద చాట ఒడిలో పెట్టుకొని తునికాకు కత్తిరించి బీడీలు చుట్టుచున్నది. ఆ పని మన ప్రాంతపు ఆడుబిడ్డలకు తెలిసినదే. మెడ వంచితే వెయ్యి బీడీలు ముగియువరకు ఎత్తుటకు లేదు. నేను మరల అదే మాట, కొంతకాలము చూతమన్నమాట, అనగా ముసలమ్మ ఇట్లనెను: "అయ్యగారూ, పది తరాల సంగతి నాకెరుక లేదు. నా కండ్లు కానస్తలేవు. బీడీలు చేసి నాకింత బువ్వ పెడుతున్నది ఈ పిల్లనే. నా కొడుకుంటే గూడ ఇట్ల జూడకపోవు. మీరు ఆమెకేం పెట్టిన్రు?"

నాకు జవాబు రాలేదు. కోడలు లేచి, మాట సగమే అర్థమైనదో ఏమో, చెంబుతో నీళ్ళు తెచ్చి నా చేతికిచ్చెను. త్రాగితిని.

పెద్దలను పిలిపించి ఈ రెండు అధ్యాయములను మెల్లగా చదివితిమి. ఒకరిద్దరికి ఇంకను సందేహమున్నది. ఉండనిండు, వారితో మాటలాడుచున్నాను. ఆమెకు బాప్తిస్మము ఇచ్చితిమి. తరువాతి ప్రభు భోజనపు ఆదివారమున ఆమె అత్త చేయి పట్టుకొని, గుమ్మమునొద్దనుండి బల్లవరకు మెల్లగా నడిపించుకొని వచ్చెను. అత్తకు మెట్టు కనబడదు గనుక, "పాయరీ, పాయరీ" అని మరాఠీలో హెచ్చరించుచు వచ్చినది. ముసలమ్మ కాలెత్తి మెట్టు ఎక్కెను.